విరిగిన పాల నీళ్ళు

ఆదిబాబు కడుపు గురించి మాట్లాడని నోరు బర్మామైన్స్ కార్ఖానా క్వార్టర్లలో తెలుగువాళ్ళ లైన్లో లేదు. పోయిన వారం అతన్ని కుళాయి దగ్గర కడుపు పట్టుకుని కూలబడ్డవాడిగా వదిలేశాం కనుక మీరూ నాలుగు మాటలు అనుకునే ఉంటారు. కొత్తగా అందుకున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి కాస్త చెప్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి.

ఆదిబాబు పని కార్ఖానాలో ఆసిడ్ తొట్ల దగ్గర. ఇనుప రేకుల్ని ముంచి తుప్పు వదలగొట్టాలి. ఆ ఘాటుకి విరుగుడని అక్కడి మనుషులకి రోజూ క్యాంటీన్లో గ్లాసుడు పాలు పోస్తారు. పాలు తాగితే లోపలి ఆసిడ్ కడుక్కుపోతుందని పెద్దా చిన్నా అందరి నమ్మకం. ఆదిబాబుకేమో ఆ గ్లాసు దిగిన కాసేపటికే కడుపు ఉబ్బడం, మెలిపెట్టడం, చెంబు పట్టుకుని పరుగులు. పరుగెడితే, పాపం ఆసిడ్ ఎక్కువ పట్టేసిందని ఇంకో గ్లాసు పోసేవారు. ఇంటికొస్తే తల్లి నూకమ్మ మూడో గ్లాసుతో గుమ్మంలోనే కాచుకుని ఉండేది. అలా అందరూ కలిసి ప్రేమగా మనిషిని సగం చేసేశారు. చివరికి కంపెనీ ఆస్పత్రిలో బెంగాలీ డాక్టరమ్మ రక్తం తీసి చూసి తేల్చింది. ఆసిడ్డూ కాదు, గాలీ ధూళీ కాదు, పాలలో ఉండే చక్కెర ఈ కడుపుకి అరగదు. పాలు మానిపించండి, మనిషి లేచి తిరుగుతాడు.

మానిపించారు, లేచి తిరిగాడు. దాని వెనక భార్య పద్మకుమారి పడ్డ పాట్లు ఆ పైవాడికే తెలియాలి. ఎవరింటికెళ్ళినా ఆయన టీలో పాలొద్దని ముందే చెప్పి లాల్ చాయ్ పెట్టించేది. పెళ్ళిలో పాయసం వడ్డించేవాడికి చెయ్యి అడ్డం పెట్టి పెళ్ళివారితో మాట పడింది. క్యాంటీన్ పాలకి బదులు బెల్లం ముక్క ఇప్పించమని మొగుణ్ణి ఫోర్‌మన్ దగ్గరకి తరిమింది. బాగా పులిసిన మజ్జిగ కొంచెం పరవాలేదంటే అదొక్కటే పోసేది.

ఇక మిగిలింది మెడికల్ బోర్డు. సోమవారం పదింటికి. గట్టెక్కితే ఉద్యోగం, క్వార్టరు రెండూ ఉంటాయి. లేదా, 'అన్‌ఫిట్' అని రాసి ఇంటికి పంపుతారు. అలా పంపినవాడి ఇంట్లో ఇంకొకరిని పనిలోకి తీసుకునే ఆనవాయితీ ఉంది గానీ, ఆ మాట పద్మ ముందు ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. అంత వయసేం వచ్చిందని నా మొగుడు మూల కూర్చోవాలని ఆమె గొడవ. న్యాయమే కదా!

ఆ సోమవారమే తెల్లవారింది. నిన్నటి దాకా రాయిలా ఉన్న మనిషి కుళాయి దగ్గర కూలబడ్డాడు.

పద్మ చేతిలో చెంబు జారి గచ్చు మీద దొర్లింది. పరుగున వెళ్ళి అతని చంక కింద చెయ్యి వేసింది. రెండోవైపు నూకమ్మ పట్టుకుంది. ఇద్దరూ ఈడ్చినట్టే తీసుకొచ్చి మంచం మీద పడేశారు. బనీను చెమటకి తడిసిపోయింది, కడుపు డోలులా బిగిసిపోయింది.

"మావా, ఏటైంది? ఏటి తిన్నావు?"

ఆదిబాబు మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని గోడవైపు తిరిగాడు.

"ఓలమ్మో, ఇంకేటుందో! ఇయ్యాలే రావాలా ఈ మాయదారి నొప్పి!" నూకమ్మ నెత్తి బాదుకుంది. బాదుకుంటూనే కోడలి మీదకి తిరిగింది. "ఏటెట్టేవే నా కొడుక్కి? పాలు మానిపించి ఎండగట్టేసినావు. బలం నేని ఒల్లు కూలిపోదేటి?"

"నానేటెడతాను అత్తా? పొయ్యికాడికి నాను రాక ఎన్నాళ్ళయింది?"

అది నిజం. పద్మకి పోపు వాసన తగిలితే చాలు, పేగులు నోటికొస్తున్నాయి. కారణం ఆమెకీ అత్తకీ తప్ప మూడో మనిషికి తెలియదు. మూడో నెల నిండేదాకా మగాళ్ళ చెవిన వెయ్యకూడదని నూకమ్మ పట్టింపు. తను ముందే చెప్పుకుని రెండుసార్లు పోగొట్టుకుందట. అందుకని మగాళ్ళతో పైత్యమని చెప్పి, వంటంతా తనే నెత్తినేసుకుంది. ఆ విషయంలో ఆవిడకి వంక పెట్టడానికి లేదు.

"పాలు పడితేనే ఇలాగవుద్ది. పాలెవులిచ్చేరు?" అంది పద్మ.

"పైడితల్లి మీద ఒట్టు. పాల చుక్క ముట్టనిత్తే నా కల్లు పోవాల!"

 పైడితల్లి పేరు పెట్టి నూకమ్మ అబద్ధమాడదు. విజయనగరం వదిలి ఇన్నేళ్ళయినా ఆ తల్లంటే ఆవిడకి అంత భయం.

"రాత్రి ఏటొండేవు?"

"రొట్టెలు, పప్పు. ఏటొండుతాను? బిర్యానీయా?"

"పిండి నీళ్ళతోనే కదా పిసికేవు?"

నూకమ్మ జవాబు చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఊరుకోవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ లేదు. పద్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

బొగ్గుల పొయ్యి పక్కన, పిండి డబ్బా వెనకాల, మూతపెట్టిన అల్యూమినియం డోల్చీ ఉంది. ఆ ఇంటిది కాదు. మూత తీసింది. అడుగున కాసిని నీళ్ళు, లేత పచ్చగా, తెల్లటి పలుకులు తేలుతూ. తియ్యగా పుల్లగా ఏదో వాసన గుప్పుమంది. డోల్చీ పట్టుకుని ఒక్క ఉదుటున బయటికొచ్చింది.

"ఇదేటి అత్తా?"

"అదా... ఛానా నీలు."

"ఏ నీళ్ళు?"

"మిఠాయి కొట్టు బెంగాలీవోడు రసగుల్లాలకని పాలు ఇరగ్గొడతాడు కదే. ముద్ద పిండుకుంటాడు, నీలు కాలవలో పారబోత్తాడు. అయ్యి. శనారం నుంచీ దీంతోనే పిండి పిసుకుతున్నాను, పప్పు దీంతోనే ఉడకేత్తన్నాను. రాత్రి ఉప్పేసి నిమ్మకాయ పిండి పెద్ద గ్లాసుడిచ్చేను. బోర్డోల ముందు నిలబడాల కదా, ఒంట్లో బలం ఉండొద్దా?"

"పాలు కదా అత్తా అయ్యి!"

"పాలెలాగవుతాయే? ఇరిగిపోనాక పాలెక్కడున్నాయి? తెలుపంతా ముద్దలోకెల్లిపోనాది. ఆ డాక్టరమ్మ మజ్జిగ తాగొచ్చందా నేదా? మజ్జిగకి నేని దోసం దీనికేటొచ్చింది?"

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్నకి జవాబు పద్మ దగ్గర లేదు. ఆ మాటకొస్తే లైన్లో ఎవరి దగ్గరా లేదు. పాలు వద్దన్నారు, పాలు మానేశారు. విరిగిన పాలని పాలనేవాళ్ళు ఎవరున్నారు?

జవాబు తెలిసిన మనిషి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. మూడో ఇంటి మార్తా, అదే ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి వస్తోంది, తెల్ల చీర కూడా మార్చుకోలేదు.

"ఏంటి నూకమ్మక్కా ఆ కేకలు? కుళాయి దాకా వినపడుతున్నాయి" అంటూ వచ్చిన మనిషి, మంచం చూసింది, డోల్చీ చూసింది, వంగి వాసన చూసింది. మొహం పాలిపోయింది. "ఇది ఆదిబాబుకి తాగించారా?"

"నానే తాగించేను. ఏం?"

"ప్రభువా! అక్కా, పాలలో ఇతనికి పడనిదేదో అదంతా ఈ నీళ్ళలోనే ఉంటుంది. ముద్ద తిన్నా ఇంత కీడు లేదు. పులిసిన మజ్జిగలో అది చాలా మట్టుకు చచ్చిపోతుంది, ఇందులో అలాగే ఉంటుంది."

నూకమ్మ మంచం కోడు పట్టుకుంది. "నా సేత్తో నానే ఎట్టేనా?" అంది.  "నాకేటి తెలుసమ్మా? ఆ డాక్టరమ్మ ఈ ముక్క సెప్పనేదు కదా!"

"చెప్పింది."

"ఎప్పుడు?"

"మీరంతా వచ్చిన రోజే. నేను బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. దూధ్, ఖోవా, ఛానా కా పానీ అని వేళ్ళు మడిచి మరీ చెప్పింది. మీ అత్తాకోడళ్ళకి హిందీ రాదని, బయట మీకు వివరంగా చెప్పమని మీ చిన్నకొడుకు చిన్నారావుకి ఒప్పజెప్పింది."

 

పద్మకి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఆస్పత్రి వరండా బెంచీ మీద మరిది చిన్నారావు చెప్పిన మాట ఇంతే: "దూధ్ తాగొద్దంట భాభీ. బస్." లోపల డాక్టరమ్మ అంతసేపు మాట్లాడింది, తెలుగులోకి వచ్చేసరికి ఇంత పొట్టిదెలా అయిందని ఆమె అనుకుంది కూడా. అడిగితే బాగుండదని ఊరుకుంది. ఊరుకున్నందుకు ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపించింది.

"అత్తా, ఈ నీళ్ళెవులు తెచ్చేరు?"

నూకమ్మ పెదాలు కదిలాయి. "చిన్నారావే... సైకిలేసుకెల్లి తెచ్చేడు. బలమని ఆడే..." 

చిన్నారావు సంగతి మీకు తెలుసు. మేట్రిక్ పాసై, గోల్‌మురి నుంచి గోవింద్‌పూర్ దాకా కార్ఖానాల గేటు గేటుకీ సలాం కొట్టి ఖాళీ చేతులతో తిరుగుతున్నాడు. తండ్రి ముసలయ్య పోయినప్పుడు ఆ ఉద్యోగం పెద్దవాడికిచ్చారు, చిన్నవాడికి సైకిలు మిగిలింది. కొత్తవాళ్ళని తీసుకునే వయసు ఈ ఏడాదితో దాటిపోతుంది. అన్న అన్‌ఫిట్ అయితే అతని బదులు పనిలోకి వెళ్ళేదెవరో వేరే చెప్పాలా?

సరిగ్గా అప్పుడే వాకిట్లో సైకిలు బెల్లు మోగింది. చిన్నారావు హ్యాండిల్‌కి ఇంకో డోల్చీ వేలాడుతోంది. నిండుగా ఉంది, మూత పక్కనుంచి చుక్కలు కారుతున్నాయి.

పద్మ గుమ్మం దాటి వెళ్ళింది. "ఇంకా తెచ్చేవా? సాల్లేదా?"

"క్యా హువా భాభీ?"

"ఛానా నీళ్ళు పోయొద్దని డాక్టరమ్మ పేరెట్టి సెప్పిందా నేదా? అదొక్కటి సెప్పు."

చిన్నారావు మార్తా వైపు చూశాడు. రంగు దిగిపోయింది. జవాబు అక్కరలేకపోయింది. నూకమ్మ ఎప్పుడు లేచి వచ్చిందో, చెంప ఛెళ్ళుమనిపించింది. సైకిలు పడింది, డోల్చీ దొర్లింది, వాకిలంతా ఆ పచ్చటి నీళ్ళు.

"అన్న కడుపు కొట్టి కూడు తింటావుట్రా? ఆ ఇసం నా సేతికిచ్చి పోయించేవా? తల్లి సేతికా?"

"మా, సునో తో..."

"ఏటి సునో? కూకోబెట్టి నిన్ను సదివించిందెవుల్రా? ఆడు ఆసిడ్డులో సేతులు కాల్సుకుంటే కదట్రా నువ్వు మేట్రిక్కయ్యేవు!"

రెండో చెంప కూడా పేలింది. చిన్నారావు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వదిన మొహంలోకి చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏడుస్తూనే అన్నాడు.

"డాక్టర్ కే పాస్ ఉస్ దిన్ భయ్యా భీ థా, భాభీ. భయ్యాకి హిందీ రాదా?"



రాకపోవడమేమిటి! ఫోర్‌మన్‌తో హిందీలో పోట్లాడి వచ్చి, ఆ పోట్లాటంతా ఇంట్లో ఆడి చూపించి నవ్వించే మనిషి. కలలో కూడా హిందీలోనే తిడతాడు. డాక్టరమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చున్నది అతనే. వేళ్ళు మడిచింది అతని మొహం ముందే. రాత్రి నిమ్మకాయ నీళ్ళనుకుంది గానీ, ఆ గ్లాసు ఊపిరి తియ్యకుండా ఎత్తి తాగడం పద్మ గుమ్మంలోంచి చూసింది. అంత దాహమేమిటా అనుకుంది. ఓరి భగవంతుడా, ఎంత తెలివితక్కువది!

మెల్లిగా మంచం దగ్గరకి వచ్చింది.

"మావా. ఇటు తిరుగు."

తిరగలేదు. గోడతోనే మాట్లాడాడు. "ఆణ్ణి కొట్టకమ్మా. నానే తెమ్మన్నాను."

నూకమ్మ ఉన్నచోటే చతికిలబడింది.

"ఆడు ఒద్దన్నాడు. నా మీద ఒట్టెట్టించి తెప్పించేను. ఆస్పత్రికాడ ఆడు తొందర్లో సగమే సెప్తే నానూ ఊరుకున్నాను. నాయన ఉజ్జోగం ఆడికి రావాల. ఐదో కలాసు సదివినోణ్ణి నాను, ఎక్కడైనా మోత మోసుకుంటాను. ఆడికి ఈ ఏడు దాటితే ఎవుడిత్తాడు? రోజూ నా కంచం ముందు తలొంచుకుని కూకుంటాడు. ఆ ముద్ద నా గొంతులో దిగట్లేదు. పాలు మానేత్తే నొప్పి తగ్గిపోనాది, నాకు పెద్ద బెంగట్టేసింది. బోర్డు పాసయిపోతానేమోనని."

మొగుడు బాగుపడాలని లైనంతా తిరిగి మాటలు పడింది పద్మ. బాగుపడ్డందుకు బెంగపడ్డాడట మొగుడు. ఏడవాలో, నవ్వాలో, ఆ డోల్చీ ఎత్తి నెత్తిన కొట్టాలో ఆమెకి తెలియలేదు.

"అంతా నువ్వే అనేసుకున్నావా మావా? నన్నడగాలని నేదా?"

"నీకేటి తక్కువ సేత్తాను? మనిద్దరి కడుపులే కదా, ఎలాగో..."

"ఇద్దరం గాము."

"ఒలే, ఒద్దే!" నూకమ్మ కేక పెట్టింది. "నెల నిండనేదే, సెప్పకే!"

"సెప్తాను అత్తా. దాసి దాసి ఈ ఇల్లు ఇలాగయ్యింది." పద్మ అతని భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "నాది పైత్యం గాదు. మూడో నెల. దానికేటెడతావు మావా? మోత మోసి పాలు కొంటావా?"

ఆదిబాబు నొప్పి మరిచిపోయి లేచి కూర్చున్నాడు. పద్మని చూశాడు, తల్లిని చూశాడు, గుమ్మంలో ఏడుస్తున్న తమ్ముణ్ణి చూశాడు. 

మార్తా గడియారం చూసుకుంది. "ఏడుపులు తర్వాత. నేను చెప్పేది వినండి. బోర్డులో ముందు అడిగేది ఒకటే, పాలు గానీ ఛానా నీళ్ళు గానీ కడుపులో పడ్డాయా అని. పడ్డాయంటే, ఈ నొప్పి దానిదేలే, ఇంకో వారం ఆగి చూద్దామంటారు. పడలేదంటే, పాలు మానినా తగ్గని రోగమని అన్‌ఫిట్ రాసేస్తారు. ఏం చెప్తావో నీ ఇష్టం ఆదిబాబూ."

ఆదిబాబు మొహం కడుక్కున్నాడు, చొక్కా తొడుక్కున్నాడు. చిన్నారావు పోయి రిక్షా తెచ్చాడు. పద్మ వంటింట్లో మిగిలిన డోల్చీకి మూత బిగించి ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది.  వెనకాల చిన్నారావు సైకిలు మీద వచ్చాడు, కాస్త దూరంగా.

బోర్డు గది గుమ్మానికి పచ్చ పరదా. పేరు పిలవగానే ఆదిబాబు గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. పద్మ బయట బెంచీ మీద కూర్చుంది. బిడ్డ సంగతి విన్నాడు, ఇంక భయం లేదు, నిజం చెప్తాడు. ఆ ధైర్యంతోనే కూర్చుంది.

లోపల డాక్టరమ్మ గొంతు వినపడింది. "ఫిర్ సే దర్ద్? దూధ్ పియా క్యా? ఛానా కా పానీ?"

ఆ మాటలు పొద్దుటే నేర్చుకుంది పద్మ. 

"నహీ మేడమ్," అన్నాడు ఆదిబాబు. "కుఛ్ నహీ పియా."

పద్మ తల మీద పిడుగు పడ్డట్టయింది. ఆ ముక్క అర్థం కావడానికి హిందీ రానక్కరలేదు. బిడ్డని విని కూడా అన్నాడు! డోల్చీ పట్టుకుని లేచింది. చిన్నారావు "భాభీ!" అంటున్నా ఆగలేదు, పరదా తోసుకుని లోపలికి పోయి, ముగ్గురు డాక్టర్ల మధ్య బల్ల మీద డోల్చీ పెట్టి మూత తీసింది.

"అబద్దం డాక్టరమ్మా! ఇదే తాగేడు. కావాలని తాగేడు. తమ్ముడికి ఉజ్జోగం ఇచ్చీయాలని పేనం మీదకి తెచ్చుకున్నాడు. నా బిడ్డ మీద ఒట్టు!"

డాక్టర్లు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆదిబాబు గబగబా హిందీలో ఏదో అందుకున్నాడు. పద్మనీ, తన తలనీ వేలితో చూపిస్తూ, ఆమెకి మతి సరిగ్గా లేదన్నట్టు చెప్పాడు. డాక్టరమ్మ చెయ్యెత్తి అతన్ని ఆపింది. పరదా దగ్గర బిక్కచచ్చి నిలబడ్డ చిన్నారావు మీద ఆమె చూపు పడింది. ఆ రోజు అత్తాకోడళ్ళకి చెప్పమని ఒప్పజెప్పింది అతనికే కదా, గుర్తుపట్టింది.

"తుమ్ ఇధర్ ఆవ్," అంది. "సచ్ సచ్ బతావ్. యే ఔరత్ క్యా బోల్ రహీ హై?" వదిన ఏమంటోందో ఉన్నదున్నట్టు చెప్పమని.

చిన్నారావు వదినని చూశాడు. అన్నని చూశాడు. అన్న కళ్ళతోనే తల అడ్డంగా ఊపమంటున్నాడు. బల్ల మీద పెన్ను మూత తీసి సిద్ధంగా ఉంది.

చిన్నారావు గొంతు సవరించుకున్నాడు. ఏమన్నాడో వచ్చే వారం చెప్తాను.